78 రోజుల లెక్క

ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) చట్టం చదివేవారికి 78 అనే అంకె పదే పదే ఎదురవుతుంది. జబ్బుపడి పనికి పోలేని కార్మికునికి నగదు భత్యం రావాలంటే అంతకుముందరి ఆరు నెలల లెక్కలో 78 రోజుల చందా పడి ఉండాలి. 2020లో కరోనా వచ్చి పని పోయినవారికి సగం వేతనం ఇవ్వాలని నిర్ణయించినప్పుడు కూడా గుమ్మం దగ్గర నిలబడింది ఈ 78 రోజులే. ఊరికే పెట్టిన అంకె కాదది. ఆరు నెలలంటే 26 వారాలు, వారానికి ఆరు పనిదినాల చొప్పున 156 రోజులు. అందులో సరిగ్గా సగం 78. సగం రోజులు పనిలోకి వచ్చినవాడిని కార్మికుడిగానే లెక్కగట్టాలి, మిగతా సగం ఎందుకు రాలేదని అడగనక్కర లేదు. ఇంత పెద్ద తీర్పును రెండంకెల్లో ఇమిడ్చారు. ఊర్లో పెళ్లికి పోయినా, సేద్యం పనుల్లో వారం రోజులు ఆగిపోయినా, కాంట్రాక్టరు రెండు నెలలు పిలవకపోయినా మనిషి జాబితాలోంచి జారిపోడు.

కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని చిలమకూరును ఉదాహరణగా పెట్టుకుంటే ఈ లెక్క విలువ తెలుస్తుంది. జమ్మలమడుగు దగ్గరి నార్జి అనే ఊరి పేరు మీదే భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి సున్నపురాయిని పిలుస్తారు. ఆ రాయి ఉండబట్టే చిలమకూరులో, ఎర్రగుంట్లలో, జమ్మలమడుగు చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు వెలిశాయి. సిమెంటు ఫ్యాక్టరీ గేటు లోపల రెండు రకాల మనుషులుంటారు. కంపెనీ పుస్తకంలో పేరున్నవారు ఒక రకం. ప్యాకింగు, లోడింగు, ఊడ్పు, మరమ్మతు పనులకు కాంట్రాక్టరు తెచ్చేవారు రెండో రకం. ఏడాదికో రెండేళ్లకో కాంట్రాక్టరు మారతాడు, మనుషులు మాత్రం చాలావరకు వాళ్లే ఉంటారు. ఇలాంటి చోట బీమా నిలబడాలంటే మనిషి నంబరు కాంట్రాక్టరుకు కాక మనిషికే అంటుకుని ఉండాలి. ఈఎస్ఐలో జరిగింది అదే. బీమాదారుకు ఒక పదంకెల నంబరు ఇస్తారు. యజమాని మారినా, ఫ్యాక్టరీ మారినా, ఎర్రగుంట్ల నుంచి హైదరాబాదుకు పోయినా ఆ నంబరు మారదు. చందా చరిత్రంతా దాని కిందే పోగవుతుంది.

చందా కట్టే బాధ్యత ఎవరి మీద పెట్టారన్నది ఇంకా మెచ్చుకోదగ్గ విషయం. 1948 నాటి చట్టంలో ఫ్యాక్టరీ నడిపేవారిని ప్రధాన యజమాని అన్నారు, కాంట్రాక్టరును తక్షణ యజమాని అన్నారు. కాంట్రాక్టు కార్మికుల చందా కూడా ముందుగా ప్రధాన యజమానే కట్టాలని ఆ చట్టంలోని 40వ సెక్షను చెప్పింది. యజమాని వాటా, కార్మికుని వాటా రెండూ ఆయనే కట్టి, తర్వాత 41వ సెక్షను కింద కాంట్రాక్టరు దగ్గర వసూలు చేసుకోవాలంది. అంటే ప్రభుత్వం కాంట్రాక్టరు వెంట పడదు, ఎక్కడికీ పోలేని ఫ్యాక్టరీని పట్టుకుంటుంది. కాంట్రాక్టరును పట్టుకోవడం ఫ్యాక్టరీ పని, ఎందుకంటే అతనికి బిల్లు ఇవ్వాల్సింది అదే. కార్మికుని వాటాను ఏ నెల వేతనంలోంచి తీసుకోవాలో ఆ నెలలోనే తీసుకోవాలి గానీ, మరచిపోయి తర్వాత ఏడాది బాకీ అంతా ఒకేసారి కోయడానికి వీల్లేదు. ఇంత ఓపికగా రాసిన సెక్షన్లు మన చట్టాల్లో తక్కువ.

2019 జులై నుంచి కార్మికుని వాటా నూటికి 0.75, యజమాని వాటా 3.25. నెలకు 12,000 వేతనమున్న ప్యాకింగు కార్మికునికి పడే కోత 90 రూపాయలు. యజమాని కట్టేది 390. నెల వేతనం 21,000 లోపు ఉన్నవారికే ఈ బీమా. ఏడాదిని రెండు చందా కాలాలుగా కోశారు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఒకటి, అక్టోబరు నుంచి మార్చి దాకా రెండోది. పైన చెప్పిన 78 రోజులను లెక్కించేది ఈ కాలాల్లోనే.

ప్రతి నెలా యజమాని ఆన్‌లైనులో ఎక్కించే పట్టికను ఒకసారి చూడాలి. అందులో వరుసలు కొన్నే. బీమా నంబరు, పేరు, పనిచేసిన రోజులు, నెల వేతనం. ఒక మనిషికి పనిదినాలు సున్నా అయితే మరో రెండు గళ్లు తెరుచుకుంటాయి: కారణానికి ఒక కోడు, చివరి పనిదినం తేదీ. సెలవులో ఉంటే 1. పని మానేస్తే 2. రిటైరైతే 3. పని నిలిపివేస్తే 8, సమ్మె లేదా లాకౌటు అయితే 9, తొలగిస్తే 10, పని లేకపోతే 11. మానేశాడనో తొలగించామనో కోడు వేస్తే చివరి పనిదినం తేదీ రాయాలి. సెలవు, పని లేదు అన్న కోడ్లకు ఆ గడి ఖాళీగా ఉంచాలి, ఎందుకంటే మనిషి ఇంకా ఆ యజమాని లెక్కలోనే ఉన్నాడు. గుమాస్తా కొట్టే ఒక అంకె మీద ఒక కుటుంబానికి మూడు నెలల తిండి ఆధారపడి ఉందని ఆ గుమాస్తాకు తెలియకపోవచ్చు. ఈ పట్టిక సంగతి మళ్లీ ముందుకొస్తుంది.

ఇంతవరకూ చెప్పింది పునాది. దీని మీద నిరుద్యోగ భత్యం అనే గది చాలా ఆలస్యంగా కట్టారు. చట్టం వచ్చింది 1948లో, పథకం కాన్పూరులో మొదలైంది 1952 ఫిబ్రవరి 24న. జబ్బుకు, ప్రసవానికి, పనిలో గాయానికి మొదటి నుంచీ చోటుంది, పని పోవడానికి లేదు. 2005 ఏప్రిల్ 1న రాజీవ్ గాంధీ శ్రామిక్ కల్యాణ్ యోజన వచ్చింది. ఫ్యాక్టరీ మూతపడినా, చట్టప్రకారం తొలగించినా, పనితో సంబంధం లేని ప్రమాదంలో నూటికి 40కి తగ్గకుండా శాశ్వత వైకల్యం వచ్చినా ఇది వర్తిస్తుంది. మొదట 6 నెలలకే ఇచ్చారు, తర్వాత 12 చేశారు, ఆపైన 24 చేశారు. తొలి ఏడాది సగం వేతనం, రెండో ఏడాది పావు. మంచి పథకమే. కానీ మూత, తొలగింపు అనేవి కాగితం మీద నిరూపించవలసిన మాటలు. కాంట్రాక్టరు సాయంత్రం గేటు దగ్గర నిలబడి రేపట్నుంచి రావద్దని చెప్తే అది ఏ కాగితంలోకీ ఎక్కదు.

2018 జులై 1 నుంచి అమల్లోకి తెచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన ఆ ఖాళీని పూడ్చడానికి వచ్చింది. రెండేళ్ల ప్రయోగంగా మొదలుపెట్టారు. ఇందులో పని ఎలా పోయిందని అడగరు. ఎలా పోకూడదో మాత్రం చెప్తారు: తప్పు చేసి శిక్షగా పోయి ఉండకూడదు, వయసైపోయి రిటైరై ఉండకూడదు, స్వచ్ఛందంగా విరమించి ఉండకూడదు. మిగతావన్నీ చెల్లుతాయి. నిరూపణ భారాన్ని ఇలా తిప్పిపెట్టడం చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, కాంట్రాక్టు కార్మికునికి మాత్రం తలుపు తెరిచింది ఈ తిప్పుడే.

భత్యం కొలిచే పద్ధతి కూడా చూడదగ్గదే. వెనకటి నాలుగు చందా కాలాల్లో, అంటే రెండేళ్లలో, వచ్చిన మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. అంటే పని రోజులతో కాదు, క్యాలెండరు రోజులతో. నెలకు 12,000 చొప్పున రెండేళ్లకు 2,88,000. దాన్ని 730తో భాగిస్తే రోజుకు 394 రూపాయల 52 పైసలు. 2018 నిబంధన ప్రకారం ఇందులో పావు వంతు, అంటే దాదాపు 98 రూపాయల 63 పైసలు, గరిష్ఠంగా 90 రోజులు. మొత్తం 8,877 రూపాయల దగ్గర. భాజకం 730 అని బిగించేయడం వల్ల మధ్యలో పని లేకుండా గడిచిన రోజులు కూడా సగటులోకి వచ్చేస్తాయి. నికరంగా పనిచేసినవానికి ఎక్కువ, అప్పుడప్పుడు పనిచేసినవానికి దానికి తగినంత. వేరుగా నియమం రాయనక్కర లేకుండా భాగహారమే ఆ పని చేసిపెడుతుంది.

అయితే 2018 నాటి యంత్రం బిగుసుకుపోయి ఉండేది. నాలుగు చందా కాలాల్లో ప్రతిదాంట్లోనూ 78 రోజులుండాలి. పని పోయిన 90 రోజుల తర్వాతే భత్యం. దరఖాస్తు చివరి యజమాని ద్వారా రావాలి. మూడు నెలలు అప్పు చేసి బతికి, రావద్దన్న మనిషి దగ్గరికే సంతకానికి పోవాలన్నమాట. ఇలాంటి షరతులు రాసేవాళ్లు ఎన్నడూ రోజుకూలికి పోయి ఉండరని నా అనుమానం.

2020 మార్చి 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. మొదటి వారంలోనే, మార్చి 28న, భవిష్య నిధి నుంచి మూడు నెలల మూలవేతనం, డీఏ లేదా ఖాతాలోని మొత్తంలో నూటికి 75, రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకోవచ్చని ప్రభుత్వం ప్రకటించింది. త్వరగా అందింది, మంచిదే. కానీ అది కార్మికుడు ముసలితనానికి దాచుకున్న సొమ్ము. బీమా అంటే అది కాదు. పని పోనివాళ్లు కూడా కట్టిన చందాలోంచి పని పోయినవాడికి రావాలి.

ఆ పని ఆగస్టు 20న జరిగింది. అప్పటి కేంద్ర కార్మిక మంత్రి సంతోష్ కుమార్ గంగ్వార్ అధ్యక్షతన ఈఎస్ఐ కార్పొరేషన్ 182వ సమావేశం అటల్ యోజనను 2021 జూన్ 30 దాకా పొడిగించి, 2020 మార్చి 24 నుంచి డిసెంబరు 31 మధ్య పని పోయినవారికి షరతులు సడలించింది. ఆ సడలింపులను తర్వాత మరింత పొడిగించుకుంటూ 2022 జూన్ 30 దాకా తెచ్చారు. కొత్త పథకం పెట్టలేదు, కొత్త శాఖ పెట్టలేదు. మంచి బేల్దారి మేస్త్రీ పాత గోడ పడగొట్టకుండా, పైకప్పు బరువు ఎక్కడ నిలబడిందో చూసుకుని తలుపు కోసినట్టు, నాలుగే నాలుగు చోట్ల చేయి పెట్టారు.

మొదటిది రేటు. పావు కాస్తా సగం అయింది. పై లెక్కలో రోజుకు 98 పోయి 197 రూపాయల 26 పైసలు, 90 రోజులకు 17,753. ఈ సగం అన్నది ఎక్కడ నిలబడుతుందో తెలియాలంటే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952లో చేసిన 102వ ఒడంబడిక పక్కన పెట్టి చూడాలి. నిరుద్యోగ భత్యానికి అది పెట్టిన కనీస మట్టం పాత వేతనంలో నూటికి 45, వ్యవధి ఏడాదిలో 13 వారాలు. 13 వారాలంటే 91 రోజులు. మన దేశం ఆ ఒడంబడికను ధ్రువీకరించలేదు. అయినా 2020 సడలింపుతో రేటు ఆ మట్టాన్ని దాటింది, వ్యవధి ఒక్క రోజు తేడాతో ఆగింది.

రెండోది నిరీక్షణ. 90 రోజులు 30 అయింది. ఒడంబడిక ప్రకారమైతే మొదటి 7 రోజులు దాటితే చాలు. ఇక్కడ ఇంకా తగ్గించవచ్చు. కాకపోతే ఈ 30 రోజుల వెనక ఒక లెక్క కనిపిస్తుంది. ఒక నెల చందాను తర్వాతి నెల 15వ తేదీ లోపు కట్టాలి. నెల గడిస్తే తప్ప పై పట్టికలో ఆ మనిషి ముందు సున్నా పడదు. నిరీక్షణను పట్టిక లయకు కుదిర్చారని నేను అనుకుంటున్నాను.

మూడోది గుమ్మం. నాలుగు కాలాల్లోనూ 78 అక్కర లేదు. రెండేళ్లుగా బీమా పనిలో ఉండి, పని పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులు, మిగతా మూడింటిలో ఏదో ఒకదాంట్లో 78 రోజులు ఉంటే చాలు. ముందున్న కాలాన్ని తప్పనిసరి చేయడంలో తెలివి ఉంది. ఎప్పుడో మానేసి వేరే పని చూసుకున్నవారు మహమ్మారి పేరు చెప్పి రాకుండా అది కాపలా కాస్తుంది. మిగతా మూడింటిలో ఒకటి చాలనడం, కాంట్రాక్టరు మారిన సందుల్లో పని లేక గడిపినవారిని లోపలికి రానిస్తుంది. గుమ్మం తగ్గించినా 730 భాగహారం తన పని తాను చేస్తూనే ఉంటుంది కాబట్టి, తక్కువ రోజులు పనిచేసినవానికి తక్కువే వస్తుంది. డబ్బు చేజారిపోతుందన్న భయం లేకుండా తలుపు తీయగలిగింది అందుకే.

నాలుగోది సంతకం. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. యజమాని ద్వారా కాకుండా కార్మికుడే నేరుగా ఈఎస్ఐ బ్రాంచి కార్యాలయానికి దరఖాస్తు ఇవ్వవచ్చు, డబ్బు నేరుగా అతని బ్యాంకు ఖాతాలో పడుతుంది. అనుమానించేవాడు అడగవచ్చు: పని నిజంగా పోయిందని ఎవరు చెప్పాలి? పైన చెప్పిన నెలవారీ పట్టిక ఇక్కడ సాక్ష్యమవుతుంది. యజమాని ప్రతి నెలా తన చేతులతో ఎక్కించిన పనిదినాలు, వేతనం, కోడు, చివరి తేదీ కార్పొరేషన్ కంప్యూటర్లలో ముందే ఉన్నాయి. పంచదీప్ పేరుతో చేసిన కంప్యూటరీకరణ వల్ల దేశమంతటి లెక్కలు ఒకేచోట చేరాయి. యజమాని సాక్ష్యం ఎలాగూ ఉంది గనుక యజమాని దయ అక్కర లేకుండా పోయింది. తగాదా పడి కార్మికుని కాగితాన్ని తొక్కిపెట్టే అధికారం ఒక్క వాక్యంతో ఎగిరిపోయింది.

ఆ తర్వాత చేసిన చిన్న మరమ్మతు ఇంకొకటుంది. ఆన్‌లైనులో దరఖాస్తు నింపాక దాన్ని అచ్చు తీసి, ఆధారు, బ్యాంకు పాసుబుక్కు నకళ్లతో పాటు స్టాంపు కాగితం మీద ప్రమాణపత్రం కూడా ఇవ్వమనేవారు. లాక్‌డౌన్ రోజుల్లో ప్రొద్దుటూరులోనో కడపలోనో స్టాంపు కాగితం, నోటరీ ఎక్కడ దొరుకుతాయి? నవంబరులో ఆ పత్రాన్ని తీసేశారు. కాగితాలు స్కాను చేసి ఎక్కిస్తే చాలన్నారు. ఉత్తర్వు చూసినవారికి అల్పంగా తోచవచ్చు. నోటరీ ఫీజు, ఆటో ఛార్జీ, పోయిన పూట లెక్కేస్తే అది ఆ మనిషి రెండు రోజుల భత్యం.

అమెరికాతో పోల్చి చూడటం ఇక్కడ పనికొస్తుంది, మన ఇళ్లలో సగం మాటలు అక్కడివే కాబట్టి. అక్కడ 1970 చట్టంలోనే భత్యాన్ని పొడిగించే మీట ఉంది. ఒక రాష్ట్రంలో బీమా కింద నమోదైన నిరుద్యోగం 13 వారాల సగటున నూటికి 5కు చేరి, గత రెండేళ్లలో అదే కాలపు సగటుకు 120 శాతమైతే, మరో 13 వారాల దాకా భత్యం దానంతటదే మొదలవుతుంది. ఏ సమావేశమూ అక్కర లేదు. మన దగ్గర అలాంటి మీట లేదు. మార్చిలో పని పోతే ఆగస్టులో నిర్ణయం. మార్చి 24 నుంచే వర్తిస్తుందని వెనక్కి జరిపారు గనుక సొమ్ము పోలేదు గానీ, ఆ అయిదు నెలలు కిరాణా కొట్లో పద్దు ఎవరు రాయించుకున్నారో ఎవరు భరించారో లెక్కలో ఉండదు.

అయితే మనది మెరుగ్గా ఉన్న చోటు కూడా ఉంది. 2020 మార్చి 27న అమెరికా తెచ్చిన కేర్స్ చట్టం, ప్రతి నిరుద్యోగికి మామూలు భత్యం మీద వారానికి 600 డాలర్లు అదనంగా ఇచ్చింది. అందరికీ ఒకే మొత్తం ఎందుకంటే, ఒక్కొక్కరి వేతనాన్ని బట్టి శాతం లెక్కగట్టడం రాష్ట్రాల పాత కంప్యూటర్ల వల్ల కాలేదు. సగటు వేతనానికి సగటు భత్యానికి మధ్య తేడా చూసి 600 అని తేల్చారు. అప్పటి న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ, కోబాల్ అనే పాత కంప్యూటరు భాష తెలిసినవారు సాయానికి రావాలని ఏప్రిల్‌లో బహిరంగంగా అడిగారు. వై2కె రోజుల్లో కోబాల్ నేర్చుకుని విమానమెక్కిన మన తెలుగువాళ్లు ఆ మాట విని నవ్వుకునే ఉంటారు.  మన ఈఎస్ఐ కంప్యూటరు మాత్రం చిలమకూరు ప్యాకింగు కార్మికునికి ఎంత, హైదరాబాదు మందుల ఫ్యాక్టరీలో పనిచేసే మహిళకు ఎంత అని విడివిడిగా పైసలతో సహా లెక్కగట్టగల స్థితిలో ఉండింది.

ఈ గోడకు బయట ఉన్నవారి మాట చెప్పకపోతే ఈ మెప్పు అబద్ధమవుతుంది. ప్రొద్దుటూరు చేనేత మగ్గం, బంగారు పని చేసే చిన్న అంగడి, జమ్మలమడుగు వైపు నాపరాళ్లు తీసే గుంత, పులివెందుల అరటితోటలో దినకూలి, వీటిలో చాలావరకు పదిమందికి తక్కువ పనిచేసే చోట్లు, లేదా అసలు ఫ్యాక్టరీ నిర్వచనంలోకే రానివి. వీరికి 78 లేదు, 730 లేదు.

వీరిలో పల్లెల్లో ఉన్నవారికి ఇంకొక యంత్రం ఉంది. పుస్తకాల్లో దాని పేరు ఉపాధి హామీ, మా వైపు నోళ్లలో కరువు పని. ఆ పేరు ఊరికే నిలవలేదు. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువులో కడప, కర్నూలు, బళ్లారి జిల్లాలు మాడిపోయినప్పుడు సహాయ పనుల్లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఆపైన ఒక అణా చాలని కరువు చూడటానికి ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. మద్రాసు శానిటరీ కమిషనరు కార్నిష్ ఒప్పుకోలేదు. ఆ తిండితో మట్టి మోసేవాడికి ఒంట్లో సత్తువ ఉండదని, రోగానికి నిలబడలేడని వాదించాడు. పని పోయినవానికి ఎంత ఇవ్వాలన్నది ప్రజారోగ్య ప్రశ్న అని మన జిల్లాల శవాలను లెక్కపెట్టి చెప్పిన మనిషి ఆయన.

2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లెలో మొదలైన ఉపాధి హామీ తొలి విడతలోనే కడప జిల్లా ఉంది. ఉపాధి హామీ చట్టంలోని 7వ సెక్షను నిపుణుడు చేసిన పని. పని అడిగిన 15 రోజుల్లో ఇవ్వకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలంది. మొదటి 30 రోజులు కూలిరేటులో పావుకు తగ్గకుండా, ఆపైన సగానికి తగ్గకుండా. అటల్ యోజనలోని పావు, సగం ఇక్కడ కూడా కనిపిస్తాయి. అసలు పనితనం మాత్రం ఖర్చు పంపకంలో ఉంది. పని ఇస్తే కూలి కేంద్రం భరించేది, ఇవ్వకపోతే భృతి రాష్ట్రం జేబులోంచి పోయేది. రాష్ట్రానికి పని ఇవ్వడమే చవక. ఈ మీట నడవాలంటే కార్మికుని చేతిలో తేదీ వేసిన రసీదు ఒకటి ఉండాలి, 15 రోజులు దాని నుంచే లెక్క. రసీదు ఇవ్వకుండా నోటిమాటతో పంపేస్తే సెక్షను మొత్తం కాగితంగా మిగిలిపోతుంది. అంత తెలివైన యంత్రం ఒక చీటీ ముక్క మీద ఆధారపడటం దాని బలహీనత.

2020లో ఈ యంత్రం ఆగిన కాలం తక్కువ. ఏప్రిల్ 20 నుంచి దూరం పాటిస్తూ పనులు చేసుకోవడానికి అనుమతించారు. ఆంధ్రప్రదేశ్‌లో కూలిరేటు ఆ ఏడాది 211 నుంచి 237 అయింది. మే నెలలో కేంద్రం ఈ పథకానికి అదనంగా 40,000 కోట్లు కేటాయించింది. ఎండాకాలంలో తవ్వవలసిన కొలతలో తగ్గింపు ఇచ్చే పద్ధతి మన రాష్ట్రంలో ముందునుంచే ఉంది గనుక, మే ఎండలో ఎర్రనేల మీద పార పట్టినవానికి తక్కువ తవ్వినా అదే కూలి పడేది. పోల్చి చూస్తే విచిత్రంగా ఉంటుంది: ప్యాకింగు కార్మికునికి ఇంట్లో కూర్చుంటే రోజుకు 197, అతని అన్నకు చెరువులో మట్టి తీస్తే 237. రెండూ కలిపి ఒకే ఇంట్లోకి వచ్చిన చోట ఆ ఏడాది గడిచిపోయింది.

మళ్లీ ఈఎస్ఐ దగ్గరికొస్తే, ఆగస్టు సమావేశం నాలుగు చోట్ల చేయి పెట్టి అయిదో చోటును ముట్టుకోలేదు. అటల్ యోజన భత్యం మనిషికి జీవితంలో ఒక్కసారే. మామూలు రోజుల్లో ఈ షరతుకు అర్థం ఉంది, ఏటా పని మాని భత్యం తీసుకునేవారికి అది అడ్డు. కానీ మహమ్మారి వచ్చింది ఏ కార్మికుని తప్పు వల్లా కాదు, ఫ్యాక్టరీ తప్పు వల్లా కాదు. ఆ ఏడాది వాడిన 90 రోజులను ఆ ఒక్కసారి కింద లెక్కగట్టకుండా పక్కన పెట్టి ఉండవచ్చు. దానికి కావలసింది డేటాబేసులో ఒక గుర్తు మాత్రమే, మార్చి 24 నుంచి మొదలయ్యే గడువు తేదీలు ఎలాగూ అందులో ఉన్నాయి. 2020లో ఇరవై ఎనిమిదేళ్ల వయసులో ఆ 17,753 రూపాయలు తీసుకున్న ప్యాకింగు కార్మికుడు ఇంకా ముప్పై ఏళ్లు నెలకు 90 రూపాయలకు తగ్గకుండా కడుతూనే ఉంటాడు. కాంట్రాక్టరు మారి పని పోతే ఈ తలుపు ఇక అతనికి తెరుచుకోదు. మిగిలేది రాజీవ్ గాంధీ యోజన, అదీ ఫ్యాక్టరీ మూతపడితేనో, కాగితం మీద తొలగిస్తేనో.